పసిపిల్లల్ని తిట్టే ఖాంఫుయ్

నన్ను మొట్టమొదట తిట్టిన మనిషి ఖాంఫుయ్ మామ. అప్పటికి నేను పుట్టి ఒక పూటైనా కాలేదు. మా అమ్మ చెప్పేది: గుమ్మంలో నిలబడి, మెడలో గళ్ల తువ్వాలు తీసి చెమట తుడుచుకుని, నా వైపు ఒక్క చూపు చూసి, "ఇదేంటే అక్కా, బిడ్డని కంటావనుకుంటే గోడ మీది తొండని కన్నావు!" అన్నాడట. మా నాన్న పొంగిపోయి అతనికి బియ్యపు సారా పోయించాడు. ఆ రోజు నుంచి నా పేరు తొండ. బడిలో రాసిన పేరు వేరే ఉంది. ఆ పేరుతో పిలిస్తే నేనే పలకను.

లావోస్ దక్షిణాన మా చంపాసక్ ఊళ్లలో పసిబిడ్డని బాగుందనకూడదు. ఇక్కడి అమ్మ కంటే ముందు ప్రతి బిడ్డకీ అవతలి లోకంలో ఇంకో అమ్మ ఉంటుంది. బిడ్డని చేతుల్లో పెట్టి మలిచింది ఆవిడే. మనకి ఇచ్చేస్తుంది కానీ చెవి మాత్రం ఇటే ఉంచుతుంది. ఎవరైనా 'ఎంత ముద్దుగా ఉంది' అంటే చాలు, అయ్యో అంత మంచిదాన్ని ఎందుకు వదులుకున్నానా అని వచ్చి పట్టుకుపోతుంది. అందుకే చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ ముక్కు చిట్లించి ఛీ అనాలి. మామూలు వాళ్లు మొక్కుబడిగా 'అబ్బే, ఏం బాలేదు' అనేసి పలహారం తిని లేచిపోతారు. ఖాంఫుయ్ మామ తిట్టు అలాంటిది కాదు. అతను తిట్టిన పిల్ల జోలికి అవతలి అమ్మ కాదు కదా, దోమ కూడా రాదని ఊరి నమ్మకం. ఏ ఇంట్లో పురుడు జరిగినా ముందు కబురు అతనికే.

అతను పని చేసేది రేవులో. మెకాంగ్ దాటించే పంటు మీద తాడు విసరడం, లారీల్నీ మోటారు సైకిళ్లనీ సర్ది నిలబెట్టడం. పొట్టి మనిషి, లావు మెడ, ఏటి అవతలి గట్టుకి వినిపించే గొంతు. "ముందుకి రా నాయనా, ముందుకి! ఏట్లోకి కాదురా, ఏట్లోకి కాదు! అత్తగారింటికి పోతున్నావా ఏంటి ఆ తొందర?" అని లారీ డ్రైవర్ల మీద అరుస్తూ ఉండేవాడు. తిట్లు తిన్నవాళ్లు నవ్వుకుంటూ దిగి, గట్టు మీద అతని పెళ్లాం లత్సమీ కాల్చే కోడి ముక్కలు కొనుక్కుని వెళ్లేవాళ్లు. లత్సమీ బజార్లో పెద్దగా మాట్లాడదు. ఇంట్లో మాత్రం నోరు ఆవిడదే.

వాళ్లకి పిల్లల్లేరు. ఊరి పిల్లలందరికీ పేర్లు పెట్టినవాడు తన ఇంట్లో పిలుచుకోవడానికి ఒక్క పేరూ లేకుండా ఉన్నాడు. ఎన్ని గుళ్లు తిరిగారో, ఎంతమంది సాధువుల పాదాలు పట్టుకున్నారో నాకు తెలియదు. లత్సమీ జుట్టులో తెల్ల వెంట్రుకలు వచ్చి, ఇక జనం అడగడం కూడా మానేశాక, కడుపుతో ఉందని తెలిసింది.

అప్పుడు చూడాలి మామని. పంటు మీద ఎక్కిన ప్రతివాడికీ చెప్పేవాడు. పెళ్లాం పొట్ట మీద చెయ్యి వేసి గట్టు మీద అందరి ముందూ అనేవాడు, "దీనికి నా నోరే వస్తుంది చూడండి. జెల్లచేప నోరు! ఇంత! చెవి నుంచి చెవి దాకా!"

"ముందు పుట్టనీ, తర్వాత తిడుదువుగాని," అనేది లత్సమీ, చెయ్యి తోసేస్తూ.

"ఇప్పట్నుంచే సాధన చేసుకోవద్దూ? ఊరందరి పిల్లలకీ చవక తిట్లు ఇచ్చాను. నా పిల్లకి మంచిది దాచుకున్నాను."

ఆడపిల్ల పుట్టింది. పై పెదవి మధ్యలో రెండుగా చీలి, ఆ చీలిక ముక్కులోకి పోయింది. లోపల చిగుళ్లు, ఎర్రటి అంగిలి కనిపిస్తున్నాయి.

ఊరంతా చూడ్డానికి వచ్చారు. నేనూ వెళ్లాను. లత్సమీ వెదురు మంచం మీద, బాలింత ఒళ్లు కాచడానికి కింద నిప్పులు, మొహం గోడ వైపు తిప్పుకుని పడుకుని ఉంది. ఆమె తల్లి పెంగ్ అవ్వ బిడ్డని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. జనం ఒక్కొక్కరే వంగి చూస్తున్నారు, అనాల్సిన మాట నోట్లోనే ఆగిపోతోంది. ఉన్నమాట ఎవరంటారు? మొర్రి బిడ్డని పట్టుకుని ఛీ ఎలా అంటారు? ఊరిపెద్ద భార్య ముందు గొంతు సవరించుకుని, "బాగుంది... కళ్లు బాగున్నాయి," అంది. అంతే, గేటు ఎత్తేసినట్టు అయింది. వెనకున్నవాళ్లంతా బతికిపోయామన్నట్టు అదే అందుకున్నారు. బాగుంది. రంగు బాగుంది. జుట్టు బాగుంది. చక్కటి పిల్ల.

"నోళ్లు మూసుకోండే!" అని అరిచింది పెంగ్ అవ్వ. "నా మనవరాల్ని చంపడానికి వచ్చారా? ఖాంఫుయ్ ఏడీ? ఒరే ఖాంఫుయ్, నువ్వైనా అనరా!"

ఖాంఫుయ్ మామ గుమ్మంలోనే ఉన్నాడు. బిడ్డ దగ్గరికి వచ్చాడు, కూర్చున్నాడు. అందరూ అతని నోటి వైపు చూస్తున్నారు. అతను వేలితో బిడ్డ బుగ్గ ముట్టుకున్నాడు. తర్వాత లేచి, మెట్లు దిగి, రేవు వైపు వెళ్లిపోయాడు.

ఆ తర్వాత అతను ఏ పిల్లనీ తిట్టలేదు. పంటు మీద డ్రైవర్లని కూడా తిట్టడం మానేశాడు. చెయ్యి ఊపి సైగ చేసేవాడు. లారీలు నిశ్శబ్దంగా ఎక్కి నిశ్శబ్దంగా దిగేవి. కొత్తగా వచ్చేవాళ్లు అతన్ని మూగవాడనుకునేవాళ్లు.

పాపకి ఆసుపత్రి కాగితాల్లో మణివన్ అని రాశారు. కానీ ఊళ్లో కప్ప, పంది, బొగ్గు, తొండ ఉన్నారు. ఈ పిల్లని పిలవడానికి ఏమీ లేదు. అందరూ ఉత్తి 'పాప' అనేవాళ్లు, ఎవరింటి పిల్లనో పిలిచినట్టు.

పాప రొమ్ము పట్టలేదు. లత్సమీ పాలు పిండి గిన్నెలో పెడితే, మామ దాన్ని ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని చెంచాతో చుక్కచుక్కగా పోసేవాడు. సగం ముక్కులోంచి వెనక్కి వచ్చేది. తువ్వాలుతో తుడిచి మళ్లీ పోసేవాడు. దగ్గితే వీపు నిమిరి, ఊపిరి అందాక మళ్లీ పోసేవాడు. అంత పెద్ద చేతులు, పడవ తాళ్లు లాగి బండబారిన చేతులు, ఆ చెంచాని రెండు వేళ్లతో పట్టుకునేవి. కడుపు నిండాక పాప నవ్వేది. ఆ నవ్వు నేను చూశాను. చీలిక రెండు వైపులకీ విచ్చుకుని, తలుపు రెండు రెక్కలూ బార్లా తీసినట్టు మొహమంతా తెరుచుకునేది. చూసినవాళ్లకి మొదట భయం వేసేది. కాసేపటికి అలవాటయ్యేది. ఆ తర్వాత మామూలు పిల్లల నవ్వు చూస్తే ఇంతేనా అనిపించేది.

రాజధాని నుంచి డాక్టర్లు పట్నంలో పెద్దాసుపత్రికి వస్తున్నారనీ, ఇలాంటి పెదవులు కుడతారనీ ఆరోగ్య కేంద్రం నర్సు చెప్పింది. బరువు సరిపోవాలంది. మామ పాపని ఎత్తుకుని తూకానికి తిప్పుతూనే ఉన్నాడు. చివరికి సరే అన్నారు.

కాలేజీ మానేసి వచ్చాక నేను మా బాబాయి బండి నడుపుతున్నాను. వెనక రెండు బల్లలు, పైన రేకు, దారిలో చెయ్యెత్తిన వాళ్లని ఎక్కించుకుంటూ పోయే బండి. దాని మీదే తీసుకెళ్లాను. బయల్దేరేముందు ఇంట్లో పెద్దవాళ్లు పాప మణికట్లకి తెల్ల నూలు దారాలు కట్టి, ప్రాణం ఒంట్లోనే ఉండాలని దీవించారు. దీవెన అయ్యాక లత్సమీ మొగుడి వైపు తిరిగింది.

"ఇప్పుడైనా అను."

మామ సంచీ ఎత్తి బండిలో పెడుతున్నాడు.

"నీకే చెప్తున్నా. పుట్టిన దగ్గర్నుంచీ ఊరంతా బాగుంది బాగుంది అని దీన్ని తినేస్తున్నారు. ఒక్కరూ తిట్టలేదు. ఊళ్లో వాళ్ల పిల్లలందరికీ అడ్డం నిలబడ్డావు కదా, నీ పిల్ల దగ్గరికొచ్చేసరికి నోరు పడిపోయిందా?"

"పొద్దుపోతోంది, ఎక్కు," అన్నాడతను.

ఆసుపత్రిలో పిల్లల వార్డు నిండా మాలాంటి వాళ్లే. మంచాల కింద చాపలు, చాపల మీద అత్తలూ అమ్మమ్మలూ, వెదురు బుట్టల్లో జిగురు బియ్యపు అంటన్నం, చేప పచ్చడి వాసన. వెనక రేకుల షెడ్లో పొయ్యిలు వెలిగించి వండుకుంటున్నారు. మా పక్క మంచం దగ్గర ఒక ముసలాయన, కాలిన చేతితో ఉన్న మనవడికి కాపలా. అవతలి మంచం దగ్గర రాజధాని నుంచి చుట్టపు చూపుగా వచ్చి ఇరుక్కుపోయిన ఒక కళ్లద్దాలావిడ. ఆవిడ కొడుక్కి కడుపులో ఏదో అడ్డం పడింది.

డ్యూటీ నర్సు విలై చిన్నపిల్ల, పట్నంలో పుట్టి పెరిగింది. పాపని చూడగానే, "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో! రేపటికి రాణీగారిని చేసేస్తాం," అంది.

పెంగ్ అవ్వ ఆ నర్సు వెనకే నడుస్తూ, "రాణీ లేదు, గీణీ లేదు, బొద్దింక అది, వాడిన వంకాయ," అని గొణుగుతూ వార్డంతా తిరిగింది. నర్సు ఆగితే తనూ ఆగింది.

"అవ్వా, ఎందుకు నా వెంట పడ్డావు?"

"నువ్వు కారుస్తున్నదంతా తుడవద్దూ తల్లీ?"

వార్డంతా నవ్వింది. లత్సమీ నవ్వలేదు.

ఆపరేషన్ గది తలుపు దగ్గర పాపని తీసుకోవడానికి విలై చేతులు చాచింది. మణికట్టు దారాలు తీసేయాలంది, సూది గుచ్చడానికి. అవ్వ ఏడుపు మొదలుపెడితే, పోనీ అని జాగ్రత్తగా విప్పి కాలి మడమ పైన కట్టింది. మంచి పిల్ల. అప్పుడు లత్సమీ మొగుడి చొక్కా పట్టుకుంది. అరవలేదు.

"లోపలికి ఒక్కతే పోతోందయ్యా. నేనుండను, నువ్వుండవు. ఆ మాటైనా తోడు పంపించు."

మామ నోరు తెరిచాడు. పాప అతని వైపు చూసి, తలుపు రెండు రెక్కలూ తీసినట్టు నవ్వింది. అతను నోరు మూసుకున్నాడు. విలై పాపని తీసుకుని లోపలికి వెళ్లింది.

వరండాలో కూర్చున్నాం. నేను సిగరెట్ ఇచ్చాను. అతను వెలిగించలేదు.

"ఒక్క మాట అనడానికి ఏమైంది మామా నీకు?" అన్నాను. నాకు కోపంగానే ఉంది. "లత్సమీ అత్త అంతగా బతిమాలుతుంటే."

"అన్నాను కదరా."

"ఎప్పుడు?"

"అది కడుపులో ఉన్నప్పుడు. రేవు గట్టు మీద, నువ్వూ ఉన్నావు. జెల్లచేప నోరన్నాను. చెవి నుంచి చెవి దాకా అన్నాను." సిగరెట్ని వేళ్ల మధ్య నలుపుతున్నాడు. "ఇన్నేళ్లూ ఎందరినో తిట్టాను, ఒక్కరికీ తగల్లేదు. నా పిల్లకి తగిలింది. ఇంకోటి అంటే ఏం ఊడుతుందోనని భయంరా తొండా. కళ్లంటే కళ్లు పోతాయేమో. చెవులంటే చెవులు."

చదువుకున్న వాడిననీ, ఇవన్నీ అలా జరగవనీ చెప్పాను. మొర్రి కడుపులో మొదటి నెలల్లోనే వస్తుందనీ, అతను ఆ మాట అన్నది పొట్ట పెరిగాకనీ చెప్పాను. విన్నాడు. "అంతేనంటావా?" అన్నాడు. నమ్మలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టరమ్మ బయటికొచ్చి స్వయంగా చెప్పింది. పాపని తెచ్చి మంచం మీద పెట్టాక మామ చాలాసేపు వంగి చూశాడు. పెదవి ఒక్కటైంది. మధ్యలో సన్నటి నల్లదారం కుట్లు, కొంచెం వాపు. ముక్కు నిటారుగా నిలబడింది. ఎవరి పిల్లో తెచ్చి పడుకోబెట్టారా అన్నట్టుంది. అతను దుప్పటి ఎత్తి, కాలి దారాలు చూసి, అప్పుడు నమ్మాడు.

కుట్లు గీరుకోకుండా మోచేతులకి అట్టముక్కలు చుట్టి గుడ్డ కట్టారు. బొమ్మ చేతుల్లా చాచుకుని పడుకుంది. మెలకువ వచ్చాక తండ్రిని చూసి నవ్వబోయింది, కుట్లు లాగాయి, ఏడ్చింది. మళ్లీ నవ్వబోయింది, మళ్లీ ఏడ్చింది. మూడోసారి ఇక ప్రయత్నించలేదు. ఊరికే చూసింది.

మామ వరండాలోకి వచ్చేశాడు. "రేయ్ తొండా, ఆ నవ్వేదిరా?"

"కుట్టేశారు మామా. ఇంకో నవ్వు వస్తుందిలే."

"అదే బాగుండేదిరా," అన్నాడు. అని, పాపని బాగుందన్నానేమోనని ఉలిక్కిపడి చుట్టూ చూశాడు.

వార్డులో అందరూ చూడ్డానికి వచ్చారు. కళ్లద్దాలావిడ ఫోన్లో ఫోటో తీసి, "చూడండి, సినిమా పిల్లలా ఉంది! ఎవరైనా మొర్రి అంటారా? ఎంత అందం!" అని మంచం మంచానికీ చూపించింది. ఆవిడ మనసు మంచిదే. పెంగ్ అవ్వ ఆ ఫోన్ వెనక తిరుగుతూ తిరుగుతూ అలిసిపోయి చాప మీద కూలబడింది. లత్సమీ మాత్రం అందరి మొహాలూ చూస్తూ, పాప మీద తన కండువా కప్పుతూ కూర్చుంది.

నాలుగైదు రోజులు బాగానే గడిచాయి. చెంచాతో పాలు దిగుతున్నాయి, ముక్కులోంచి తక్కువ వస్తోంది. కుట్లు తీసేస్తాం అన్న రోజు పొద్దున ఒళ్లు కాలిపోయింది. రొమ్ము ఎగిసిపడుతోంది, పక్కటెముకల సందులు లోపలికి పోతున్నాయి. ముక్కుకి గొట్టం పెట్టారు, కాలికి సూది పెట్టారు. డాక్టరమ్మ ఛాతీకి గొట్టం ఆనించి విని, మామనీ లత్సమీనీ పక్కకి పిలిచింది.

"పెదవి బాగా మానింది. దాని వల్ల కాదు. నెమ్ము చేరింది. పుట్టినప్పటి నుంచీ పాలు కొంచెం కొంచెం ఊపిరితిత్తుల్లోకి పోతూ వచ్చి ఉంటాయి. చేయగలిగిందంతా చేస్తున్నాం. కానీ పాప చాలా అలిసిపోయింది."

"అందరూ బాగుందన్నందుకా డాక్టరమ్మా?" అన్నాడు మామ.

ఆవిడ నవ్వలేదు. "కాదు. నన్ను మా అమ్మ నా పెళ్లయ్యేదాకా కోతీ అనే పిలిచింది. నాకు తెలుసు అది. దానివల్ల కాదు, మీవల్లా కాదు."

మంచం దగ్గరికి తిరిగొచ్చాక లత్సమీ అంది, "విన్నావా, నీవల్ల కాదంట." అందులో ఊరట ఏమీ లేదు. "నీవల్ల ఏదీ కాదు. ఆ అవతలి అమ్మొచ్చి మంచం పక్కన కూర్చుంది. నాకు తెలుస్తోంది. నీ పిల్లని చూస్తోంది, ఎంత బాగుందో అని చూస్తోంది. నువ్వు మొగుడివి కాదు, తండ్రివి కాదు, రేవులో కట్టేసిన మొద్దువి."

మామ మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. పాప అట్టముక్కల చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"కప్పదానా," అన్నాడు.

గొంతు రాలేదు. మళ్లీ అన్నాడు.

"కప్పదానా. వానకి తడిసిన గబ్బిలమా. ఎవరు కన్నారే నిన్ను, ఛీ! చూడండయ్యా, ఈ మొహం చూడండి, బురదలో తొక్కిన చెప్పులా ఉంది. ఈ కాళ్లు చూడండి, పీత కాళ్లు. ఇలాంటిదాన్ని ఎవరు తీసుకుపోతారు? ఉత్తినే ఇచ్చినా ఎవడూ తీసుకోడు!"

అతని గొంతు పెరుగుతోంది. చాలా రోజుల తర్వాత అది పంటు మీది గొంతు. కళ్లద్దాలావిడ లేచి నిలబడింది.

"ఏంటండీ ఆ మాటలు? జబ్బుపడ్డ పసిపిల్లని పట్టుకుని! మనిషేనా మీరు?"

"నువ్వు కూర్చో తల్లీ," అన్నాడు పక్క మంచం ముసలాయన. కర్ర పట్టుకుని లేచి, పాప మంచం దగ్గరికి వచ్చి వంగి చూశాడు. "నిజమేనయ్యా. ఇంత వికారాన్ని నా జన్మలో చూళ్లేదు. ఎండు చేప కూడా నయం."

"మా ఇంటి పక్క కుక్కపిల్ల నయం," అంది ఇంకో మంచం దగ్గర నుంచి ఎవరో తల్లి.

"పుచ్చిపోయిన బొప్పాయి!"

"చెవులు చూడు, చాట చెవులు!"

"అట్టముక్కల చేతుల దిష్టిబొమ్మ!"

ప్రతి మంచం దగ్గర నుంచీ వస్తున్నాయి. సెలైన్ సీసాలు పట్టుకున్నవాళ్లు, పిల్లలకి అన్నం తినిపిస్తున్నవాళ్లు. కాలిన చేతి కుర్రాడు కూడా, "తొర్రి ముక్కు," అన్నాడు సిగ్గుపడుతూ. నర్సు విలై మందుల ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. కళ్లు తుడుచుకుని లోపలికి వచ్చి, గొట్టం సరిచేస్తూ, "రాణీ లేదు, గీణీ లేదు. బొద్దింకవి నువ్వు," అంది. పెంగ్ అవ్వ చాప మీద నుంచి లేచి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

లత్సమీ ఒక్కతే తిట్టలేదు. మొగుడి భుజం మీద చెయ్యి వేసి, "ఆపకు," అంది.

అతను ఆపలేదు. తెలిసినవన్నీ అన్నాడు, తెలియనివి కల్పించాడు. ఇరవై ఏళ్ల ఊరి పిల్లలందరి పేర్లూ ఆ ఒక్క పిల్ల మీద పోశాడు, నా తొండతో సహా. చివరికి ఊపిరి అందక కాసేపు ఆగి, నుదురు పాప నుదుటికి ఆనించి, మెల్లగా అన్నాడు, "జెల్లచేపా. నా జెల్లచేప నోరుదానా. పోకే."

పాప కళ్లు తెరిచి అతన్ని చూసింది. గొంతు గుర్తుపట్టిందో లేదో నేను చెప్పలేను. లేనిది ఉన్నట్టు రాయను.

మధ్యాహ్నం అన్నాలవేళ పాప పోయింది. డాక్టరమ్మ చేతులతో ఛాతీ నొక్కి నొక్కి, చాలాసేపటికి ఆపింది. విలై ముక్కు గొట్టం తీసింది, మోచేతుల అట్టలు విప్పింది. కుట్లు కూడా తీసేయమని లత్సమీ అడిగింది. డాక్టరమ్మ సన్నటి కత్తెరతో ఒక్కొక్కటే, బతికున్న పిల్లకి తీసినంత నెమ్మదిగా తీసింది. కుట్ల కింద పెదవి కలిసిపోయి ఉంది. గులాబీ రంగు గీత ఒక్కటే.

వార్డులో అందరూ లేచి నిలబడ్డారు. ముసలాయన తన బుట్టలోని అంటన్నం ఆకులో కట్టి నా చేతిలో పెట్టాడు. "దారిలో వాళ్ల చేత తినిపించు బాబూ," అన్నాడు. వాళ్లు తినలేదు.

బయట పోయినవాళ్లని మా ఊళ్లోకి తేరు. పసిపిల్లలకి దహనం కూడా ఉండదు. ఊరి బయట అడవి అంచున పొద్దు వాలకముందే పెట్టేయాలి. బాబాయికి ఫోన్ చేస్తే గొయ్యి తవ్విస్తానన్నాడు. బండిలో శవం ఎక్కించావా అని తిట్టలేదు. అతని పిల్లలకీ ఖాంఫుయ్ మామే పేర్లు పెట్టాడు.

పెంగ్ అవ్వ ముందు నా పక్కన కూర్చుంది. మామా లత్సమీ వెనక బల్ల మీద. పాప లత్సమీ ఒళ్లో, కండువాలో చుట్టి, మొహం మాత్రం బయటికి. నా సీటు వెనక కిటికీ అద్దం ఎప్పుడో పగిలిపోయింది, వెనక మాటలన్నీ వినిపిస్తాయి. లత్సమీ ఏడవడం లేదు. ఆసుపత్రిలో కూడా ఏడవలేదు. అది నాకు భయంగా ఉంది.

దారిలో ఒక ఆవిడ కూరల బుట్టతో ఎండలో నిలబడి చెయ్యెత్తింది. నేను ఆపకుండా పోబోయాను. మామ రేకు మీద తట్టాడు.

"ఎండలో ఉంది పాపం. ఎక్కించుకో."

ఆవిడ ఎక్కి వాళ్ల ఎదురు బల్ల మీద కూర్చుంది. నడివయసు, మాటకారి. బుట్ట సర్దుకుని, బజారులో బీరకాయల ధర గురించి కాసేపు తనే మాట్లాడింది. తర్వాత ముందుకి వంగింది.

"నిద్రపోయిందా? అయ్యో, పెదవికి ఆపరేషనా? మా ఆడపడుచు మనవడికి కూడా ఇలాగే చేశారు. ఎంత బాగా కుట్టారమ్మా! ఎంత అందంగా..."

అంతలో తప్పు తెలిసి నోటి మీద కొట్టుకుంది. "ఛీ ఛీ, పాడు నోరు! వికారంగా ఉంది, వికారంగా ఉంది. కోతిపిల్లలా ఉంది. ఏమనుకోకు తమ్ముడూ."

నేను ముందున్న చిన్న అద్దంలోంచి వెనక్కి చూస్తున్నాను. మామ తల ఎత్తాడు.

"లేదక్కా," అన్నాడు. "అందంగా ఉంది. నా కూతురు చాలా అందంగా ఉంది."

ఆవిడ అతని వైపు చూసింది. ఏ తండ్రీ అనని మాట అది. చూపు పాప మీదకి జారింది, రొమ్ము కదలకపోవడం కనిపించింది. బుట్ట ఒళ్లోంచి కింద పెట్టింది.

అప్పుడు లత్సమీ నోట్లోంచి వచ్చింది ఏడుపు. నేను అంతకు ముందు అలాంటిది వినలేదు. ముందు కూర్చున్న పెంగ్ అవ్వ రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఆ బుట్టావిడ ఇటు బల్ల మీదకి మారి, లత్సమీ తల తన భుజానికి ఆనించుకుని, "అవునమ్మా, అందగత్తె. అందగత్తె," అంటూ వీపు నిమరడం మొదలుపెట్టింది. మామ పాప కాలి దారాల మీద చెయ్యి పెట్టుకుని, కదలకుండా కూర్చున్నాడు.

ఆవిడ చెప్పిన ఊరు వచ్చింది. బండి ఆపాను. ఆవిడ దిగలేదు.